థండర్‌బర్డ్‌లో పద్నాలుగేళ్ల మెయిళ్లు: ఎంబాక్స్‌లోనే ఉంచాలా, మెయిల్‌డిర్‌కు మార్చాలా?

ప్రశ్న (గుంటూరు నుంచి)

నమస్కారం. గుంటూరులో జీఎస్టీ, ఆదాయపు పన్ను రిటర్నులు చూసే చిన్న కార్యాలయం మాది. మా సొంత డొమైన్ మీద ఉన్న మెయిల్ ఖాతాను 2011 నుంచి థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాములో పాప్ పద్ధతిలో, అంటే మెయిళ్లను సర్వర్ నుంచి కంప్యూటర్‌లోకి దించుకునే పద్ధతిలో వాడుతున్నాను. సర్వర్‌లో మాకు ఇచ్చిన చోటు 2 జీబీ మాత్రమే కావడంతో, కంప్యూటర్‌లోకి దిగిన మెయిలు రెండు వారాల తరువాత అక్కడ చెరిగిపోయేలా పెట్టుకున్నాను. కాబట్టి పాత మెయిళ్లకు మూలప్రతి నా కంప్యూటర్‌లో ఉన్నదే, ఇంకెక్కడా లేదు. ఈ రోజుకు మొత్తం సుమారు 1,40,000 మెయిళ్లు, 22 జీబీ. అందులో ఇన్‌బాక్స్ ఫైలు ఒక్కటే 9 జీబీ దాటింది.

గత నెల ఒక ఉదయం థండర్‌బర్డ్ తెరిచేసరికి ఇన్‌బాక్స్ ఖాళీగా కనిపించింది. నకిలీ ఇన్వాయిస్ ఉన్న జిప్ ఫైలు ఒకటి ఏదో మెయిలుకు జతగా వచ్చిందట. మా యాంటీవైరస్ ఆ ఒక్క మెయిలును కాక, అది ఉన్న 9 జీబీ ఫైలు మొత్తాన్ని క్వారంటైన్‌లోకి, అంటే అనుమానిత ఫైళ్లను విడిగా బంధించి ఉంచే చోటికి తీసుకుపోయింది. చివరికి వెనక్కి తెచ్చుకోగలిగాను కానీ, ఆ రెండు గంటలు కార్యాలయంలో ఎవరికీ నోట మాట రాలేదు. జీఎస్టీ చట్టంలోని 36వ సెక్షను ప్రకారం లెక్కల రికార్డులను ఆ ఏటి వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు భద్రపరచాలి. మా క్లయింట్లు పంపిన బిల్లులు, నోటీసులకు మేము రాసిన జవాబులు చాలావరకు ఈ మెయిళ్లలోనే ఉన్నాయి.

ఇప్పుడు కొత్త కంప్యూటర్ కొన్నాను. విండోస్ 11, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. థండర్‌బర్డ్ సెట్టింగులలో కొత్త ఖాతాలకు మెయిల్ నిల్వ పద్ధతిని ఎంచుకునే చోట రెండు ఎంపికలు కనిపించాయి. ఒకటి ఫోల్డరుకు ఒక ఫైలు, అంటే ఎంబాక్స్. రెండవది మెయిలుకు ఒక ఫైలు, అంటే మెయిల్‌డిర్. మొన్న జరిగినది చూశాక రెండవదే మంచిదని నా మనసు చెబుతోంది. అయితే లక్షా నలభై వేల చిన్న ఫైళ్లను విండోస్ మోయగలదా, వాటివల్ల డిస్కులో చోటు ఎంత వృథా అవుతుంది, ఉన్న ఖాతాను నష్టం లేకుండా మార్చుకోవడం ఎలా అన్నవి తేల్చుకోలేకపోతున్నాను. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.


జవాబు (హైదరాబాద్ నుంచి)

నమస్కారమండీ. చిన్న కార్యాలయాల కంప్యూటర్లు చూసుకోవడం నా వృత్తి. మీ పరిస్థితిలో నా సలహా ఎంబాక్స్‌లోనే ఉండమని, కానీ ఇప్పుడున్న తీరులో మాత్రం ఉండవద్దని. కారణం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఫైలు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే నిర్ణయం మీరే తీసుకోగలరు.

ఎంబాక్స్ యూనిక్స్ తొలినాళ్ల నుంచి ఉన్న పద్ధతి. ఒక ఫోల్డరులోని మెయిళ్లన్నీ వచ్చిన వరుసలో ఒకే టెక్స్ట్ ఫైలులో ఒకదాని కింద ఒకటి చేరుతూ పోతాయి. కొత్త మెయిలు ఎక్కడ మొదలవుతుందో తెలియడానికి ఉన్న ఆనవాలు ఒక్కటే: ఇంగ్లిషులో ‘ఫ్రమ్’ అన్న మాట, దాని వెంట ఒక ఖాళీ, ఇవి వరుస మొదట్లో ఉండాలి. మెయిలు మధ్యలో ఏదైనా పేరా అదే మాటతో మొదలైతే ప్రోగ్రాము దాన్ని ఇంకో మెయిలుగా పొరబడకుండా ముందు > గుర్తు చేరుస్తారు. పాత మెయిళ్లలో అక్కడక్కడ కారణం లేకుండా ఈ గుర్తు కనిపించేది అందుకే.

ఇక చెరిపివేత సంగతి. మీరు ఒక మెయిలును తొలగించినప్పుడు థండర్‌బర్డ్ 9 జీబీ ఫైలును తిరగరాయదు. ప్రతి మెయిలు పైభాగంలో అది రాసుకునే ఎక్స్-మొజిల్లా-స్టేటస్ అన్న వరుసలో నాలుగంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. చదివిన మెయిలుకు 0001 ఉంటే, చదివి చెరిపిన మెయిలుకు అది 0009 అవుతుంది, అంతే. మెయిలు కంటికి కనిపించదు, ఫైలులో మాత్రం ఉంటుంది. ఫోల్డరును కంపాక్ట్ చేసినప్పుడే, మిగిలిన మెయిళ్లను ఇంకో ఫైలులోకి ఎత్తి రాసి, పాత ఫైలు స్థానంలో దాన్ని పెడుతుంది. ఈ పనికి దాదాపు ఆ ఫైలంత ఖాళీ చోటు డిస్కులో ఉండాలి, పని ముగిసేదాకా కరెంటు పోకూడదు. కొన్నేళ్ల క్రితం నేను చూసుకునే ఒక కార్యాలయంలో యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయిన కంప్యూటర్‌లో సరిగ్గా ఈ పని నడుస్తుండగా కరెంటు పోయింది. మెయిళ్ల ఫైలు నిలిచింది కానీ పక్కనుండే ఎంఎస్ఎఫ్ అన్న సూచిక ఫైలు చెడిపోయి, సగం రాసిన తాత్కాలిక ఫైలు మిగిలిపోయింది. ఫోల్డరు గుణగణాలలో ఉండే మరమ్మతు బొత్తాముతో సూచికను మళ్లీ కట్టించేసరికి సాయంత్రం దాటింది. ఫైలు పెద్దదైన కొద్దీ ఈ ప్రమాదం ఉండే వ్యవధి పెరుగుతుంది. మీరు పడుతున్న ఇబ్బందికి మూలం ఈ పరిమాణమే.

మెయిల్‌డిర్‌ను డేనియల్ బెర్న్‌స్టైన్ 1990లలో తన క్యూమెయిల్ సర్వర్ కోసం తయారు చేశారు. ఒకే పెట్టెలోకి ఒకేసారి ఎన్నో మెయిళ్లు వచ్చి పడే సర్వర్లలో, నెట్‌వర్కు మీదుగా వాడే డిస్కుల మీద కూడా, ఒకరు రాస్తుండగా ఇంకొకరు రాయకుండా ఫైలుకు తాళం వేసే అవసరం లేకుండా చేయడం ఆయన ఉద్దేశం. మెయిలును మొదట టీఎంపీ అనే డైరెక్టరీలో పూర్తిగా రాసి, తరువాత న్యూ అనే దానిలోకి మార్చుతారు, మెయిల్ ప్రోగ్రాము దాన్ని చూశాక అది కర్ అనే మూడవదానిలోకి వెళుతుంది. సగం రాసిన మెయిలు ఎవరికీ కనిపించదు. సర్వర్‌కు ఇది గొప్ప గుణం. మీ బల్ల మీది కంప్యూటర్‌లో ఆ ఫైళ్లలో రాసేది థండర్‌బర్డ్ ఒక్కటే కాబట్టి, ఈ ముఖ్య ప్రయోజనం మీకు పెద్దగా అక్కరకు రాదు.

పైగా థండర్‌బర్డ్‌లో ఉన్నది పూర్తి మెయిల్‌డిర్ కాదు. అసలు పద్ధతిలో చదివినది, జవాబు ఇచ్చినది అన్న గుర్తులు ఫైలు పేరులోనే కోలన్ తరువాత అక్షరాలుగా ఉంటాయి. విండోస్ ఫైలు పేర్లలో కోలన్‌ను ఒప్పుకోదు. థండర్‌బర్డ్ ఆ గుర్తులను పేరులో రాయదు, న్యూ అన్న డైరెక్టరీని వాడదు. 2015లో 38వ వెర్షన్‌తో ప్రయోగాత్మకంగా వచ్చిన ఈ ఎంపిక ఇప్పటికీ ముందుగా ఎంచి ఉంచినది కాదు. ఏళ్ల తరబడి కోట్ల కంప్యూటర్లలో నలిగిన దారి ఎంబాక్స్. మూలప్రతి ఒక్కటే ఉన్న మనిషికి నేను నలిగిన దారినే చూపిస్తాను.

చేయవలసినది ఏమిటంటే, మెయిళ్లను ఏటికొక ఫోల్డరుగా విడదీయండి. థండర్‌బర్డ్‌లోని ఆర్కైవ్ సదుపాయం దీనికోసమే ఉంది. మెయిళ్లను ఎంచుకుని కీబోర్డు మీద ఇంగ్లిషు ‘ఎ’ అక్షరం నొక్కితే, మెయిలు తేదీని బట్టి 2013, 2014 వంటి ఫోల్డర్లలోకి వాటంతట అవే వెళతాయి. ఒక్కసారిగా అన్నీ కాక, ఒక్కో ఏడాదివి తరలించి, ఫోల్డరు కింద చూపించే సంఖ్యలను కాగితం మీద సరిపోల్చుకుంటూ వెళ్లండి. తరలింపు పూర్తయ్యాక ఇన్‌బాక్స్‌ను కంపాక్ట్ చేయండి. చేయకపోతే ఆ 9 జీబీ అలాగే ఉంటుందని పైన చెప్పినదాన్ని బట్టి మీకు అర్థమయ్యే ఉంటుంది. అప్పుడు 2013 ఫైలు ఇక పెరగదు, దాదాపుగా మారదు. ఒకసారి బ్యాకప్ తీసుకుంటే మళ్లీ మళ్లీ తీసే పని ఉండదు. ఏ ప్రమాదం వచ్చినా ఒక్క ఏడాదికే పరిమితమవుతుంది. మెయిల్‌డిర్ నుంచి మీరు కోరుకున్న మేలులో ఎక్కువ భాగం దీంతోనే దక్కుతుంది.

మొదలుపెట్టే ముందు థండర్‌బర్డ్‌ను మూసి, మెయిళ్లు, సెట్టింగులు ఉండే ప్రొఫైల్ ఫోల్డరు మొత్తాన్ని బయటి డిస్కులోకి కాపీ చేసుకోండి. ఆ ప్రొఫైల్‌ను ఇంటర్నెట్ నిల్వతో నిరంతరం సమన్వయమయ్యే ఫోల్డరులో మాత్రం ఎప్పుడూ పెట్టకండి. ఒక్క మెయిలు వచ్చినా 9 జీబీ ఫైలు మారినట్టే లెక్క, పైగా థండర్‌బర్డ్ రాస్తున్న మధ్యలో ఇంకో ప్రోగ్రాము ఆ ఫైలును పట్టుకుంటుంది.


జవాబు (బెంగళూరు నుంచి)

పై మిత్రులు చెప్పిన జాగ్రత్తలన్నిటితో ఏకీభవిస్తూనే, మెయిల్‌డిర్ పక్షాన కొన్ని మాటలు చెప్పాలని ఉంది. నేను లినక్స్ మీద ఎవల్యూషన్ అనే మెయిల్ ప్రోగ్రాము వాడతాను. అది స్థానిక మెయిళ్లను మెయిల్‌డిర్ పద్ధతిలోనే దాచుతుంది.

ముందుగా చోటు వృథా గురించి. విండోస్‌లో డిస్కు మీద ఫైళ్లను అమర్చే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతి మామూలుగా 4 కేబీ ముక్కలలో చోటు కేటాయిస్తుంది. సగటున ఫైలుకు సగం ముక్క, అంటే 2 కేబీ వృథా అనుకుంటే 1,40,000 ఫైళ్లకు 280 ఎంబీ. మీ 22 జీబీలో ఇది లెక్కలోకి రాదు. లినక్స్‌లో అలాంటిదే అయిన ఈఎక్స్‌టీ4లో 500 జీబీ విభాగానికి మామూలు అమరికలో సుమారు 3 కోట్ల ఫైళ్లకు వీలుంటుంది. ఫైళ్ల సంఖ్యకు భయపడి వెనుకాడవలసిన పని లేదు. నిజంగా ఎదురయ్యే కష్టం కాపీ చేసేటప్పుడు. 22 జీబీ ఒకే ఫైలు అయితే బయటి హార్డ్ డిస్కులోకి చకచకా వెళుతుంది, అదే లక్షా నలభై వేల ఫైళ్లయితే డిస్కు ఒక్కొక్కదానికీ పేరు నమోదు చేసుకుంటూ చాలాసేపు తీసుకుంటుంది. కానీ అది మొదటిసారికే. ఆ తరువాత బ్యాకప్ ప్రోగ్రాము ఆ రోజు వచ్చిన 40 మెయిళ్లను మాత్రమే కాపీ చేస్తుంది.

ఆపిల్ సంస్థ 2005లో మ్యాక్ ఓఎస్ టెన్ టైగర్‌తో తన మెయిల్ ప్రోగ్రామును మెయిలుకు ఒక ఫైలు పద్ధతికి మార్చింది. కంప్యూటర్ అంతటా వెతికే స్పాట్‌లైట్‌కు ఒక్కో మెయిలు ఒక్కో ఫైలుగా ఉండడం అవసరమైంది. అంటే డెస్క్‌టాప్ మీద ఈ పద్ధతి కొత్తదీ కాదు, ప్రయోగమూ కాదు. థండర్‌బర్డ్‌లో దాని అమలు ఇంకా పూర్తి కాకపోవడం వేరే సంగతి, ఆ విషయంలో పై మిత్రుల హెచ్చరిక సరైనదే.

మీ వృత్తికి సంబంధించిన విషయం ఇంకొకటి ఉంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను కింద ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా ఇచ్చేటప్పుడు జతచేసే ధ్రువపత్రం నమూనాలో, ఆ రికార్డు హాష్ విలువను (ఫైలులోని సమాచారం నుంచి లెక్కించే, దానికి వేలిముద్ర లాంటి విలువ) రాయవలసిన చోటు ఉంది. రేపు ఏదైనా వివాదంలో ఒక మెయిలును చూపించవలసి వస్తే, దాన్ని పూర్తి హెడర్లతో (పంపినవారు, తేదీ వంటి వివరాలుండే పైభాగపు వరుసలతో) సహా విడి ఫైలుగా ఇవ్వగలగాలి. మెయిల్‌డిర్‌లో అది ముందే విడి ఫైలు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. థండర్‌బర్డ్ తన స్టేటస్ వరుసలను మెయిలులోనే రాస్తుంది కాబట్టి, మీరు ఆ మెయిలుకు నక్షత్రం పెట్టినా ఫైలు మారవచ్చు, ఫైలు మారితే హాష్ విలువ మారుతుంది. అందువల్ల ఏ పద్ధతిలో ఉన్నా, ముఖ్యమైన మెయిలును ఈఎంఎల్ అనే, ఒక్క మెయిలును దాచే రకం ఫైలుగా విడిగా భద్రపరిచి, ఆ ప్రతికే హాష్ విలువ లెక్కించి, ఇక దాన్ని ముట్టుకోకుండా ఉంచాలి.

మీరు లినక్స్ మీద ఉండి ఉంటే నేను మారమనే చెప్పేవాణ్ణి. విండోస్ మీద, థండర్‌బర్డ్‌లో, పాప్ ఖాతాతో అంటే అంత గట్టిగా చెప్పలేను.


ప్రశ్న అడిగినవారు (గుంటూరు నుంచి)

ఇద్దరికీ కృతజ్ఞతలు. కంపాక్ట్ అన్నది ఏదో శుభ్రపరిచే పని అనుకుని ఇన్నేళ్లూ వాయిదా వేస్తూ వచ్చాను. మీరు చెప్పిన తరువాత చూస్తే, ఇన్‌బాక్స్ ఫైలు 9 జీబీ ఉన్నా, థండర్‌బర్డ్ చూపించే మెయిళ్ల పరిమాణం 6 జీబీకి కాస్త ఎక్కువ. మిగిలినదంతా నేను ఎప్పుడో చెరిపేశాననుకున్న చెత్త.

రెండు సందేహాలు మిగిలాయి. ఏటికొక ఫైలుగా విడదీసినా, యాంటీవైరస్ రేపు ఇంకో ఫైలును మొత్తంగా ఎత్తుకుపోతే ఎలా? రెండవది, బ్యాకప్ కోసం 64 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయబోతే, అంత ఖాళీ ఉన్నా ఇన్‌బాక్స్ ఫైలు దగ్గర ఆగిపోయి ఫైలు మరీ పెద్దదని చెబుతోంది.


జవాబు (హైదరాబాద్ నుంచి)

పెన్‌డ్రైవ్ సంగతి సులువైనది. అది ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటుంది. ఆ పద్ధతిలో ఒక్క ఫైలు 4 జీబీకి మించకూడదు, డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉన్నా అంతే. ఎక్స్‌ఫ్యాట్‌గానో ఎన్‌టీఎఫ్‌ఎస్‌గానో ఫార్మాట్ చేయండి. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి ముందు వేరేచోటికి తీసి పెట్టుకోండి. అయినా ఏకైక బ్యాకప్‌గా పెన్‌డ్రైవ్‌ను నమ్ముకోవద్దని నా మనవి. బయటి హార్డ్ డిస్కులు రెండు కొని, ఒకటి కార్యాలయంలో, ఒకటి ఇంట్లో ఉంచి, వారం వారం మార్చుకోండి.

యాంటీవైరస్ విషయంలో రెండు పనులు చేయాలి. థండర్‌బర్డ్ సెట్టింగులలో గోప్యత, భద్రత అన్న భాగంలో, వచ్చే మెయిళ్లను విడివిడిగా క్వారంటైన్ చేయడానికి యాంటీవైరస్‌కు అవకాశం ఇచ్చే ఎంపిక ఒకటి ఉంది. దాన్ని ఎంచుకుంటే, పాప్‌లో వచ్చే ప్రతి మెయిలు ముందు విడి తాత్కాలిక ఫైలుగా దిగి, యాంటీవైరస్ దాన్ని చూశాకే ఇన్‌బాక్స్‌లో చేరుతుంది. చెడ్డ మెయిలు ఉంటే గుమ్మం దగ్గరే ఆగుతుంది. ఇక రెండవ పని, యాంటీవైరస్ తనిఖీ నుంచి థండర్‌బర్డ్ ప్రొఫైల్ ఫోల్డరును మినహాయించడం. ఇది ప్రమాదమని కొందరు అనుకుంటారు. కానీ మెయిలు లోపల ఎన్‌కోడ్ అయి ఉన్న జిప్ ఫైలు తనంతట తాను నడవలేదు. మీరు దాన్ని తెరిచినా, సేవ్ చేసినా అది ప్రొఫైల్ బయటికి ఒక మామూలు ఫైలుగా వస్తుంది, అక్కడ యాంటీవైరస్ యథావిధిగా పట్టుకుంటుంది.

ఆ 3 జీబీ చెత్తను ఇప్పుడే వదిలించుకోకండి. ముందు బ్యాకప్, తరువాత ఏళ్లవారీ తరలింపు, చివర కంపాక్ట్. పొరపాటున చెరిపిన మెయిలు ఏదైనా గుర్తుకు వస్తే, కంపాక్ట్ చేయని పాత ప్రతిలో అది ఇంకా దొరుకుతుంది.


జవాబు (విశాఖపట్నం నుంచి)

వెతుకులాట గురించి ఒక చిన్న చేర్పు. మెయిలుకు ఒక ఫైలు ఉంటే బయటి ప్రోగ్రాముతో నేరుగా వెతుక్కోవచ్చు కదా అని కొందరు మెయిల్‌డిర్ వైపు మొగ్గుతారు. తెలుగులో రాసిన మెయిళ్లకు ఇది చాలావరకు కుదరదు. కంప్యూటర్ అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ 3 బైట్లు పడతాయి. మెయిలు పంపేటప్పుడు ఆ బైట్లు సాధారణంగా బేస్64 అనే ఎన్‌కోడింగ్‌లోకి మారి, ఫైలులో అర్థం లేని ఇంగ్లిషు అక్షరాల వరుసగా ఉంటాయి. ‘నోటీసు’ అని ఫైళ్లలో నేరుగా వెతికితే ఒక్కటీ దొరకదు. ఎంబాక్స్ అయినా మెయిల్‌డిర్ అయినా ఇది ఒకటే. థండర్‌బర్డ్ లోపలి వెతుకులాట ఆ ఎన్‌కోడింగ్‌ను విప్పి చూస్తుంది కాబట్టి తెలుగు మాటలకు దాన్నే వాడండి. లినక్స్‌లో నాట్‌మచ్ అనే వెతుకులాట ప్రోగ్రాము కూడా విప్పి చూస్తుంది, కానీ దానికి మెయిలుకు ఒక ఫైలు ఉండాలి, ఎంబాక్స్‌ను చదవదు.

మెయిళ్లను సర్వర్‌లోనే ఉంచే ఐమాప్ పద్ధతి వాడేవారు ఎవరైనా ఇది చదువుతుంటే, ఈ చర్చ వారికి అంతగా వర్తించదని కూడా చెప్పాలి. వారి మూలప్రతి సర్వర్‌లో ఉంటుంది. కంప్యూటర్‌లోని ప్రతి పాడైతే దాన్ని తీసేసి మళ్లీ దించుకుంటే సరిపోతుంది.


ప్రశ్న అడిగినవారు (గుంటూరు నుంచి)

పని పూర్తయింది. ఎంబాక్స్‌లోనే ఉండి, 2011 నుంచి ఏటికొక ఫోల్డరు చేశాను. మొత్తం మూడు సాయంత్రాలు పట్టింది. ఒక్కో ఏడాదికీ ముందు ఇన్‌బాక్స్‌లో ఎన్ని మెయిళ్లు ఉన్నాయో, తరువాత ఫోల్డరులో ఎన్ని చేరాయో పుస్తకంలో రాసుకున్నాను. 2017లో మూడు మెయిళ్లు తేడా వచ్చాయి. వెతికితే, పంపినవారి కంప్యూటర్‌లో తేదీ తప్పుగా ఉండడం వల్ల అవి 2007 అన్న ఫోల్డరు చేసుకుని అందులో కూర్చున్నాయి. మా ఖాతా మొదలైంది 2011లో కాబట్టి ఆ ఫోల్డరు కంటపడగానే సంగతి అర్థమైంది. వాటిని చేత్తో సరిచేశాను.

యూపీఎస్ బ్యాటరీని ముందుగా మార్పించి, ఆ తరువాతే కంపాక్ట్ చేశాను. ఇన్‌బాక్స్‌లో ఇప్పుడు ఈ ఏటివి మాత్రమే ఉన్నాయి, ఫైలు 410 ఎంబీ. పెండింగు వివాదాలు ఉన్న ఆరుగురు క్లయింట్ల మెయిళ్లను ఈఎంఎల్ ఫైళ్లుగా విడిగా తీసి, హాష్ విలువలు రాసి, రెండు డిస్కులలోనూ ఉంచాను. రెండవ డిస్కు నిన్న ఇంటికి తీసుకువెళ్లాను.